రెండూ చాలు

శంకర్ నగర్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పూర్ణిమ వచ్చింది పొగడడానికి కాదు.

"ఈ పేజీ చేసింది ఎవరు?"

పక్క సీటు వంశీ స్నేహధర్మం పాటించి హేమంత్ వైపు వేలు చూపించాడు.

"తెరుచుకోవడానికి నలభై సెకన్లు. ఈలోపు మా పిల్లలు టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసేస్తున్నారు," అంది పూర్ణిమ.

ఆమె రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దగ్గర బడిలో కంప్యూటర్ టీచరు. పిల్లలు బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు రాసి నడిపించుకునే పేజీ అది. రాజమండ్రి నుంచి రాయపూర్ వచ్చిన నాలుగు నెలల్లో హేమంత్ చేసిన ఘనకార్యం అదొక్కటే.

"నెట్‌వర్క్ భాగం కూడా ముందే లోడవుతుందండి, అందుకే ఆలస్యం. అది లేకపోతే ప్రోగ్రాము బయటి సైట్ల నుంచి ఏమీ తెచ్చుకోలేదు."

"మా పిల్లలు ఇంకా రెండూ రెండూ కూడుతున్నారు. బయటి నుంచి ఏం తెస్తారు, సమోసాలా?"

"అక్కర్లేనివాళ్లు తీసేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఉంది."

"సెట్టింగ్స్‌లోకి ఎవరు పోతారండీ? మీరు మొదట ఏది పెడితే అదే జిందగీ భర్ ఉంటుంది. ఉల్టా చేయండి. కావాల్సినవాళ్లే పెట్టుకుంటారు."

కావాల్సినవాళ్లకూ సెట్టింగ్స్ దొరకవని హేమంత్‌కు తెలుసు. కానీ ఆమెకు కోపం వస్తే ఒక కనుబొమ్మే లేస్తోందని గమనించే పనిలో పడి వాదించడం మరిచిపోయాడు. మర్నాటికి నెట్‌వర్క్ తీసేశాడు. పేజీ ఆరు సెకన్లలో తెరుచుకుంది.

ఇక సాకులు మొదలయ్యాయి. లైన్ చూడాలని బడికి వెళ్లాడు. వేగం కొలవాలని మళ్లీ వెళ్లాడు. ఒకరోజు జోరువానలో స్కూటర్ మీద వెళ్లి, నీళ్లు కారుతున్న చొక్కాతో "మౌస్‌లు బాగా పనిచేస్తున్నాయాండీ?" అని అడిగాడు.

పూర్ణిమ టవలు ఇచ్చింది. "బాగున్నాయి. రేపు కీబోర్డుల కోసం వస్తారా?"

సిగ్గులేని హేమంత్ కీబోర్డుల కోసమూ వెళ్లాడు.

ఆగస్టులో బడిలో ప్రదర్శన పెట్టారు. వాతావరణం సైటు నుంచి రాయపూర్ వాన లెక్కలు తెచ్చి బొమ్మ గీసే ప్రోగ్రాము పిల్లలు రాశారు. దానికి నెట్‌వర్క్ కావాలన్న సంగతి హేమంత్‌కు తెలియదు. ముందు రోజు అతను పదిసార్లు రాసి చెరిపి ఒక మెసేజ్ పంపాడు.

"రెండు ప్రశ్నలండి. రేపటికి నెట్‌వర్క్ పెట్టాలా, వద్దా? ఈ పని అయిపోయాక కూడా మన మాటలు ఉంటాయా, ఉండవా?"

జవాబు వెంటనే వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాల్లో. రెండూ చాలు.

పాపం, అంత మర్యాదగా వద్దన్నవాళ్లు హేమంత్‌కు ఇంతవరకూ తగల్లేదు. నెట్‌వర్క్ ముట్టుకోలేదు, ఆమె ఫోను ఎత్తలేదు. ప్రదర్శనకు వంశీని పంపి, తను మేనేజరు దగ్గరకు పోయి హైదరాబాద్‌కు బదిలీ అడిగాడు.

ప్రదర్శనలో తెర మీద ఒక్క చినుకు పడలేదు. సెట్టింగ్స్ ఎక్కడున్నాయో వెతికేసరికి వచ్చిన పెద్దలు టీ తాగి వెళ్లిపోయారు. పిల్లలు ఏడ్చారని వంశీ వచ్చి చెప్పాడు.

అది విన్నాక హేమంత్ ఆగలేకపోయాడు. సాయంత్రం పూర్ణిమ వాళ్ల రైల్వే క్వార్టరుకు వెళ్లాడు. ఆమె తండ్రి సూర్యారావు కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పూర్ణిమ గుమ్మంలోనే అందుకుంది.

"నెట్‌వర్క్ ఎందుకు పెట్టలేదు?"

"మీరే చాలన్నారుగా."

"అదే కదా నేనూ అంటున్నా. చాలు అని రాశాక కూడా ఎందుకు పెట్టలేదు?"

హేమంత్‌కు బుర్ర తిరిగింది. అంతలో వంటింట్లోంచి ఆమె తల్లి సూరమ్మ కేకేసింది.

"ఫేను చాలు సెయ్యే పూర్ణా. ఆ బాబుకి సెమటలు కారిపోతన్నాయి."

పూర్ణిమ స్విచ్చి నొక్కింది. ఫ్యాను తిరిగింది.

హేమంత్ ఫ్యానునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా హిందీవాళ్ల మధ్య బతుకుతున్న ఇల్లు. ఇక్కడ చాలు అంటే హిందీ చాలూ. ఆన్ చెయ్యమని.

"అంటే... రెండూ ఆన్ అనా?"

"మరి మీరేమనుకున్నారు?"

"రెండూ ఇక వద్దన్నారనుకున్నా. హైదరాబాద్‌కు బదిలీ కూడా అడిగేశాను. పేజీ మారుస్తానండి. ముందు త్వరగా తెరుచుకుంటుంది, ప్రోగ్రాము అడిగినప్పుడే నెట్‌వర్క్ వస్తుంది. ఆ పని మానేసి మౌస్‌లు చూస్తూ తిరిగాను."

పూర్ణిమకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

"బదిలీ కేన్సిల్ చేయించుకోండి. నాకు మీరు కావాలి. ఇది శుద్ధ తెలుగే, మళ్లీ తప్పు చదవకండి."

సూర్యారావు పేపరు దించాడు. "ఏటే అవి? ఏటి రెండూ?"

"ఒకటి నెట్‌వర్కు నాన్నా. రెండోది ఈయన."

సూర్యారావు హేమంత్‌ను పైనుంచి కిందివరకు తీరిగ్గా చూశాడు.

"మరి గుమ్మంలో నిలబెట్టీసినావేటి? లోపలికొచ్చి కూకోమను."