వీపు నల్లబడిన గడియారం

దగ్గరికి జరగండి బిడ్డలూ, నా మోకాళ్ల దాకా రండి. ఇది గట్టిగా చెప్పే ముచ్చట కాదు.

తెలంగాణ వచ్చి నాలుగేళ్లు నిండిన ఏడు, క్రిస్మస్ ముందు. నల్లగొండలో గడియారాలు బాగుచేసే పెద్దులును అతని దుకాణంలోనే చంపారు. గడియారం స్ప్రింగు మెడకు బిగించి లాగితే మెడ సగం తెగింది. పాపం, నోట్లో వక్క అట్లాగే ఉందట. దుకాణంలో ఒక్క వస్తువూ పోలేదు. సీక్రెట్ సర్వీస్‌కు అదే అనుమానం.

ఏజెంట్ విజేందర్‌కు చీఫ్ నుంచి ఫోన్.

“పెద్దులు కేసు వెనుక ఫారిన్ గ్యాంగ్. మేళ్లచెరువు క్వారీల్లో పేలుడు మందు కాజేస్తున్నారు. వాళ్లను కళ్లారా చూసింది అక్కడి వాచ్‌మన్ ఇస్రాయేలు ఒక్కడే. ఆదివారం హాలియా చర్చికి వస్తాడు. ప్రాణాలతో కావాలి.”

“కోడ్?”

“జొన్నరొట్టె. జవాబు, ఎల్లిపాయ కారం.”

విజేందర్ పాత సామాన్లు కొనే సేటు వేషం కట్టాడు. వెంట యాంటిక్ ఎక్స్‌పర్ట్ మంజుల. డిపార్ట్‌మెంటే పంపింది. పోచంపల్లి పట్టుచీర, నల్లద్దాలు. ఆదివారం ఆమె చర్చి లోపలికి నడిచొస్తే పాట పాడేవాళ్లు చరణం మరిచిపోయారు, అబద్ధం కాదు.

గోడమీద లోలకం గడియారం. పెద్దులు దగ్గర రిపేరై మొన్ననే వచ్చింది. పది కొట్టబోతోంది. చాపల మీద పిల్లాజెల్లా కిక్కిరిసి ఉన్నారు. ఇస్రాయేలు సరిగ్గా గడియారం కిందే నిలబడ్డాడు.

“ఒరిజినల్. నూట ముప్పై ఏళ్లది,” అంది మంజుల. “ఇక బయటికి పోదాం, ఊపిరాడట్లేదు.”

విజేందర్ స్టూలెక్కి అంచులు తడిమాడు. “జొన్నరొట్టె, అన్నా.”

“ఎల్లిపాయ కారం, సార్.”

“గోడకు సున్నమేసేటప్పుడు దీన్ని దించుతరా?”

“ఎందుకు దించుతం? దించితే అలిగి ఆగుతది. ఏటా చుట్టూ కుంచె తిప్పుతం, గంతే.”

“మరి అంచులకు సున్నం మరక ఒక్కటీ లేదేం?”

“పెద్దులు గోకి ఉంటాడు,” అంది మంజుల, తలుపు వైపు చూస్తూ.

విజేందర్ గడియారాన్ని కాస్త ముందుకు వంచాడు. వెనుక పలక కూడా ముందుభాగమంత నల్లగా ఉంది. గోడకు ఆనిన చెక్కకు వెలుతురు తగలదు, పొగ తగలదు. వందేళ్లయినా లేతగానే ఉంటుంది. ఎవరో అంతటా ఒకే రంగు పూసి వయసు పెంచారు. పైగా బిగించినవి ప్లస్ స్క్రూలు. ఆ కాలానికి అవి పుట్టనే లేదు.

“నూట ముప్పై ఏళ్లా? నెల గూడ నిండలే, మేడం.”

మంజుల లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. తూటా విజేందర్ భుజాన్ని చీల్చింది. డయల్ మీద రక్తం చిమ్మింది.

“బాంబు! బయటికి ఉరుకుండ్రి!” వంచిన సందులోంచి తీగలు చూసి విజేందర్ అరిచాడు.

లోపల సుత్తి లేచింది. అది గంటకు తగిలితే కరెంటు కలిసి మందు పేలుతుంది. విజేందర్ పిడికిలితో అద్దం పగలగొట్టి, గాజు దిగిన చేత్తోనే సుత్తిని ఒడిసిపట్టాడు. మంజుల మళ్లీ గురిపెట్టింది.

ఇస్రాయేలు ఉరకలేదు. ఇనుప కుర్చీ ఎత్తి ఆమె చేతిమీద మోదాడు. ఎముక పటుక్కుమంది.

“మా పెద్దులును సంపింది నువ్వేనా, దొంగదానా?”

రెండో దెబ్బకు ఆమె పళ్లు చాపమీద రాలాయి.

బాంబు స్క్వాడ్ వచ్చి తీగలు కత్తిరించేదాకా విజేందర్ సుత్తి వదల్లేదు. ఇస్రాయేలు కోర్టులో నిలబడి ఒక్కొక్కరినీ వేలెత్తి చూపించాడు.

అసలు గడియారం ఏమైందంటారా? పెద్దులును చంపి, రిపేరుకొచ్చిన దాన్ని తీసుకుని, దాని చోట ఈ నకిలీది పెట్టి చర్చికి చేర్చారు. అసలుది మంజుల ఇంటి హాల్లో గోడకు టిక్కుటిక్కుమంటూ దొరికింది. దాన్ని తగలబెట్టమని ఆమెకు గ్యాంగ్ ఆర్డర్. దాని వయసు తెలిసిన మనిషి కదా, చేతులు రాలేదు. హత్యకు అదే రుజువైంది.

ఇది మరువకండి, రేపు మీ పిల్లలకూ చెప్పండి. పాత సామాను కొనబోతే దాని వీపు చూడాలి గాని, అమ్మేవాళ్ల మొహం చూడకూడదు. మొహం అందంగా ఉంటే అసలే చూడకూడదు.