తలల నడవాలో టోపీ

మా ఇన్వర్‌డాల్ యూనివర్సిటీలో చీకటి పడ్డాక తలల నడవాలోకి ఎవరూ వెళ్లరు. వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు మాత్రం చాలామంది. వాళ్లంతా మర్నాడు పబ్బులో కూర్చుని చెప్పేవాళ్లే.

ఆ నడవాలో గోడ వెంట పాత ఛాన్సలర్ల చలువరాతి తలలు దిమ్మెల మీద వరసగా ఉంటాయి. సరిగ్గా మనిషి తల ఎత్తున.

ఛాన్సలర్‌కి పెద్ద పనేం ఉండదు. యూనివర్సిటీని నడిపేది వేరేవాళ్లు. ఈయన ఏడాదికి రెండుసార్లు వచ్చి, బంగారు అంచు గౌను తొడుక్కుని, లాటిన్‌లో ఒక్క వాక్యం చెప్పి, పట్టా పుచ్చుకునేవాళ్ల తలమీద నల్ల వెల్వెట్ టోపీతో మెత్తగా తడతాడు. అలా తడితేనే పట్టా వచ్చినట్టు. నాలుగువందల ఏళ్లుగా ఇదే ఉద్యోగం. ఇందులోనూ బద్ధకించినవాళ్లున్నారు.

మొదటాయన బిషప్పు. సాల్మన్ చేపలు ఎవరివని ఊరివాళ్ల మీద దావా వేసి, తీర్పు రాకముందే పోయాడు. మూడో ఆయన్ని ఎన్నుకునే నాటికి ఆయన జైల్లో ఉన్నాడు. ఆరో ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఛాన్సలర్‌గా ఉండి, ఒక్కసారి కూడా ఊళ్లో అడుగుపెట్టలేదు; ఆ ఏళ్లలో పాసైనవాళ్లకి టోపీ తగల్లేదు. ఇప్పుడు నడవాలో తిరిగేది ఆయనేనట. బతికుండగా ఉత్తరం మీద ఉత్తరం రాసినా రానివాడు, చచ్చాక పిలవకుండా ఎందుకొస్తాడని ఎవరూ అడగరు.

చీకట్లో వచ్చి టోపీతో తడతాడట... అలా తట్టించుకున్నవాళ్లకి ఇక బతికున్నవాళ్ల చేతి పట్టా దక్కదట.

ఆ తలల మీద ముప్పై ఏళ్లుగా దుమ్ము తుడుస్తున్నది ఇష్బెల్ టల్లొక్. "ఆయనొస్తే కాళ్లు తుడుచుకుని రమ్మనండి, ఇప్పుడే కడిగాను" అనేది. అయితే అది పోయేదేమీ లేని రోజుల మాట. తరవాత తొమ్మిదేళ్లు పగలు చీపురు, సాయంత్రం క్లాసు. రెండుసార్లు తప్పి, అరవై ఒకటో ఏట చరిత్రలో పాసయింది. రేపు పొద్దున పదింటికి ఆమె తలమీద టోపీ.

డిసెంబరు. మాకు నాలుగింటికే చీకటి. ఆరింటికి యూనివర్సిటీ కాపలా చూసే పోర్టరు వాటీ గెడ్డెస్ ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"టోపీ పెట్టె గౌన్ల గదిలోనే ఉండిపోయింది. హాల్లోకి తేవాలి."

"తెచ్చుకో."

"నడవా దాటాలి. నా మోకాలి సంగతి తెలుసుగా."

"నిన్న డాన్సులో గెంతిన మోకాలేనా?"

"అది ఎడమది." వాటీ తాళాలగుత్తి చాపాడు. "టోపీ లేకపోతే రేపు పట్టాలుండవు ఇష్బెల్. నాదేం పోయింది, నాకెలాగూ లేదు."

ఇష్బెల్ తాళాలు లాక్కుంది. టార్చి అడిగితే ఇవ్వలేదు వాటీ. తనిక్కడ చీకట్లో ఒంటరిగా ఉండొద్దూ మరి.

నడవా లైటు స్విచ్చి అవతలి కొసన, గౌన్ల గది పక్కన ఉంటుంది. అక్కడ పెట్టినవాడు ఎవడో గానీ పగలు మాత్రమే తిరిగే మనిషి. ఇష్బెల్ బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. చప్పుడు ఎవరికి వినపడకూడదనుకుందో తనకే తెలియదు. ఉన్ని మేజోళ్లతో, దిమ్మెలు తడుముకుంటూ నడిచింది. ఒకటి... రెండు... మూడు...

టప్.

ఎక్కడో ముందు. మెత్తటి చప్పుడు. వెంటనే గుసగుస —

లాటిన్.

ఇష్బెల్ రెండు దిమ్మెల మధ్య గోడకి అతుక్కుపోయింది.

టప్... ఇంకాస్త దగ్గరగా. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. టప్... పక్క దిమ్మె మీద.

తరవాత ఆమె తలమీద.

వెల్వెట్. కలరా ఉండల వాసన. చెవి దగ్గర ఆ వాక్యం, మొదటి నుంచి చివరిదాకా. ఇష్బెల్‌కి దెయ్యం గుర్తు రాలేదు. తొమ్మిదేళ్లు గుర్తొచ్చాయి.

టప్. ఆమెను దాటి, అవతల.

అంతే, పరుగు. గోడకి భుజం కొట్టుకుని, తడిమి తడిమి స్విచ్చి నొక్కింది.

నడవా మధ్యలో వానకోటులో ఒక ముసలామె — గట్టిగా కళ్లు మూసుకుని, చేతిలో టోపీ పట్టుకుని. మొన్ననే ఎన్నికైన కొత్త ఛాన్సలర్, మర్డినా ఫార్కర్. ముప్పై ఏళ్లు జడ్జిగా జనాన్ని జైళ్లకు పంపిన మనిషి. ఇప్పుడు చెవుల దాకా ఎర్రబడింది.

"ఎవరికీ చెప్పకండి" అంది. "రేపు నేను ఫోటోలవైపు నవ్వుతూ ఉండాలట, తలలకేసి చూడకూడదట. కిందటాయన అలాగే ఒకమ్మాయి కళ్లజోడు ఎగరగొట్టాడు. రేపటికి రెండువందల పన్నెండు తలలు... అందుకే పెట్టెలోంచి టోపీ తీసి, చీకట్లో వీళ్ల మీద సాధన చేస్తున్నాను."

ఇష్బెల్‌కి నవ్వు రాలేదు. "రేపటివాళ్లలో నేనూ ఉన్నానమ్మగారూ. ఈ నడవాలో చచ్చినాయన టోపీ ముందే తగిలితే పట్టా దక్కదంటారు."

జడ్జి గారి నడుం నిటారైంది. "నేను చనిపోయానా?"

"లేదండీ."

"వాక్యం పూర్తిగా విన్నారా?"

"విన్నాను."

"అయితే మీకు పట్టా వచ్చేసింది. నాకున్న అధికారమంతా అదొక్కటే. రేపటిది ఫోటో కోసం."

ఇష్బెల్ నేలమీద చతికిలబడి, కళ్లు తుడుచుకుని, బూట్లు తొడుక్కోసాగింది.

"నాకే అనుమానం రావలసింది" అంది ఛాన్సలర్, టోపీ దులుపుతూ. "వేళ్లకి వెచ్చగా తగిలారు. కానీ మీ పక్క తలా వెచ్చగానే ఉంది. పైగా నాకు అందేట్టు తల వంచింది."

లేసు కడుతున్న చెయ్యి ఆగిపోయింది.

వెలుతురులో చలువరాతి తలలన్నీ గడ్డాలెత్తి చూస్తున్నాయి. వాటిలో వంచిన తల ఒక్కటీ లేదు. ఛాన్సలర్లు వంచరు. వంచేది పట్టా పుచ్చుకునేవాళ్లు.

"ఆ పక్కనున్నవారికి..." ఇష్బెల్ గొంతు తగ్గించింది, "వాక్యం పూర్తిగా చెప్పారా అమ్మగారూ?"

"చెప్పాను."

"మంచిపని చేశారు" అంది ఇష్బెల్, రెండో లేసు కట్టకుండానే లేచి. "పాపం, ఎన్నేళ్ల నుంచి వరసలో నుంచున్నారో."