ఆరు గంటలకు అరిచే యూపీఎస్

"ఏమప్పా లక్ష్మీపతీ, నాకు యూపీఎస్ అమ్మినావా, మేకపిల్లను అమ్మినావా? సాయంత్రం ఆరైతే చాలు, కీ కీ అని అరిచి, కంప్యూటర్‌ను ఆర్పేస్తాండాది!"

హేమావతి ఆ పెట్టెను నా కౌంటర్ మీద ధబీమని పెట్టింది. నిజం చెప్పాలంటే నేను పెట్టెను చూడలేదు. తిట్టేటప్పుడు ఆమె ముక్కు చివర ఎర్రబడుతుంది. దాన్నే చూస్తున్నాను.

అది 2003. బెళుగుప్ప బస్టాండు దగ్గర నాదొక చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. ఊరి చివరి వీధిలో, ఇంటి ముందుగదిలో ఆమె కంప్యూటర్ సెంటర్ పెట్టింది. పగలు పిల్లలకు నేర్పేది; సాయంత్రాలు స్కూలు వాళ్ళ మార్కుల జాబితాలు టైపు చేసే పని దొరికింది. నెలాఖరుకు ఇవ్వలేకపోతే సెంటర్‌కు తాళం వేసి, కళ్యాణదుర్గంలో అత్త ఇంటికి పంపేస్తానని వాళ్ళ నాయన ఖరాఖండిగా చెప్పేశాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

"స్టెబిలైజర్ పెడితే సరిపోతాది" అన్నాను. పెట్టాను. సరిపోలేదు.

"బ్యాటరీ చిన్నది. పెద్ద యూపీఎస్ తెస్తా." తెచ్చాను. అదీ ఆరింటికే అరిచింది, ఇంకొంచెం గట్టిగా.

"ఇన్వర్టర్ అయితే?" అంది.

"అది ఫ్యాన్లకు, లైట్లకు. కరెంటు పోయి అది అందుకునే లోపల నీ కంప్యూటర్ ఆరిపోతాది."

"మరి ఏది కొనాలప్పా? కొనేదాన్ని నేనైతే నువ్వు తికమకపడతాండావేమి!"

తికమక యూపీఎస్ గురించి మాత్రమే అయితే బాగుండేది. పనిచేయని సామాను అమ్మినవాడికి ఎవరైనా టీ ఇస్తారా? ఈమె తిట్టి మరీ ఇచ్చేది. పైగా "రేపు కూడా వచ్చి చూడు" అనేది. అది కోపమో, ఇష్టమో నాకు అంతుపట్టలేదు.

ఐదో రోజు మీటర్ తీసుకుని ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆరుకు రెండు నిముషాల ముందు ఓల్టేజీ రెండొందల ఇరవై. ఆరు కాగానే నూటయాభై. యూపీఎస్ కీ కీ మంది. అప్పుడే వెనక కిటికీలోంచి ఒక మోటారు చప్పుడు వినిపించింది. దగ్గి దగ్గి అందుకునే ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

మా మోటారే!

పరుగెత్తాను. మా చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య, నాయన నరసింహప్ప స్టార్టర్ పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. మోటార్లకు మూడు ఫేజుల కరెంటు పొద్దున ఇచ్చి తీసేస్తారు. సాయంత్రం వచ్చేది ఇళ్ళలో లైట్లకు మాత్రమే. నాయన కండెన్సర్ తగిలించి ఆ కరెంటుతోనే మోటారు ఆడిస్తున్నాడు. హేమావతి వీధికీ మా తోటకూ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే.

"నాయనా, ఆడ ఇండ్లలో ఓల్టేజీ పడిపోతాండాది!"

"పడనీ. లైట్లు మసకబారితే ఎవురూ సావరు. చీనీ చెట్లు సస్తాయి. వాన యాడుండాది రా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. తల దించుకుని హేమావతి దగ్గరికి వచ్చాను.

"హేమా, యూపీఎస్‌లు అన్నీ మంచివే. తప్పు మాది. మా నాయన మోటారు."

"తెలుసు" అంది.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"రెండో దినం నుంచి. లైటు మసకబారతానే మీ మోటారు దగ్గుతాది కదా."

"మరి నన్నెందుకు ఇన్ని దినాలు తిప్పితివి?"

"చెప్పింటే నువ్వు వస్తావా?" ముక్కు చివర ఎర్రబడింది, ఈసారి తిట్టకుండానే. "కానీ జాబితాలు సగమే అయినాయి. నీకు అర్థమయ్యే లోపల నన్ను కళ్యాణదుర్గం పంపిస్తారేమోనని భయపడినా."

"పోవద్దు! నువ్వు పోతే నేను ఈ ఊర్లో ఉండలేను" అనేశాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె చెప్పులేసుకుని నేరుగా మా తోటలోకి నడిచింది.

"మామా, చెట్లు ఎండనీయొద్దు. ఎనిమిదికి నా కంప్యూటర్ ఆపేస్తా. అప్పుడు మోటారు ఏసుకోండి. నెలాఖరు దాకా చాలు."

నాయన ఆమెను చూశాడు, ఆమె వెనక నిలబడిన నన్ను చూశాడు. స్టార్టర్ ఆపేశాడు.

"వీడు షాపు వదిలిపెట్టి మీ వీధిలోనే ఎందుకు తిరుగుతాండాడో ఇప్పుడు తెలిసె. సరే తల్లీ, ఎనిమిదికే. మీ నాయనతో నేను మాట్లాడతాలే."

దేని గురించి మాట్లాడతాడో అడిగే ధైర్యం నాకు రాలేదు.

జాబితాలు ఒక రోజు ముందే స్కూలుకు చేరాయి. సెంటర్‌కు తాళం పడలేదు. మరుసటి వారం, సరిగ్గా ఆరింటికి షాపులో ఫోన్ మోగింది.

"లక్ష్మీపతీ, యూపీఎస్ అరుస్తాండాది."

"మా మోటారు ఆపే ఉండాది కదా?"

"ఊఁ."

"మీ ఇంట్లో లైటు?"

"బ్రహ్మాండంగా వెలుగుతాండాది."

"మరెందుకు అరుస్తాంది?" నాకు నిజంగానే అర్థం కాలేదు.

అటువైపు నవ్వు వినిపించింది.

"ప్లగ్గు నేనే పీకినా. వస్తావా, రావా?"