ఎందుకమ్మ అడగని ప్రశ్నలు

ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంజెక్షన్ బల్లమీద ఉంది. దాని చల్లదనం పోవడానికి అరగంట పడుతుంది. బడినుంచి అప్పుడే వచ్చిన ఎందుకమ్మ దానిముందు గడ్డం ఆనించి కూర్చుంది.

అసలు పేరు వేరే ఉంది. కానీ రోజుకు వంద ఎందుకులు అడిగే పిల్లకు ఇంతకంటే నప్పే పేరు ఎవరికీ దొరకలేదు.

"పెద్దమ్మా, ఈ మందు మింగకూడదా? ఎందుకు?"

"జీవకణాలతో తయారుచేసే బయొలాజిక్ మందు కదా, మింగితే కడుపులోనే అరిగిపోతుందిట," అంది పెద్దమ్మ. వంటింటి గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కుడుతోంది. "ఒంట్లో జబ్బులతో పోరాడే సైన్యం ఉంటుందే. నా సైన్యం దారితప్పి నా వేళ్ల కీళ్లమీదే పడింది. ఈ మందు దాన్ని కాస్త అదుపులో పెడుతుంది. లేకపోతే సూది కూడా పట్టుకోలేను."

"మరి నిజంగా జబ్బొస్తే?"

"అందుకేగా ఆ కార్డు!"

ఎందుకమ్మ గతుక్కుమంది. నర్సు ఇచ్చిన కార్డులోని ఐదు ప్రశ్నలూ ప్రతి ఇంజెక్షన్‌కు ముందు అడిగి, జవాబుకు టిక్కు పెట్టడం తన పని. ఎప్పుడూ ఐదుకీ 'లేదు' అనే జవాబే. విసుగొచ్చి, ఇవాళ అడక్కుండానే టిక్కులు పెట్టేసింది.

ఇంతలో మాడు వాసన వచ్చింది. పరుగెత్తి స్టవ్ కట్టేసింది. పాలు గిన్నెకు అంటుకుపోయాయి.

"పక్కనే ఉన్నావు, నీకు వాసన రాలేదా?"

"ముక్కు మూసుకుపోయి పదిరోజులైందే. వంగితే కళ్లకింద ఒకటే పోటు. జలుబేలే, అదే పోతుంది." పెద్దమ్మ కార్డు చూసింది. "టిక్కులు పడ్డాయే! నువ్వడిగినప్పుడు పని ధ్యాసలో ఏం చెప్పానో ఏమో." ఇంజెక్షన్ మూత తీయబోయింది.

మూడో ప్రశ్న అదే: 'తగ్గని జలుబు, ముఖంలో నొప్పి ఉన్నాయా?'

"ఆగు పెద్దమ్మా! నేను అడగలేదు. నేనే పెట్టేశాను." ఎందుకమ్మకు ఏడుపొచ్చేసింది.

పెద్దమ్మ నర్సుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పింది.

"ఇవాళ వేసుకోకండి. సైనస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. ఈ మందు వాడేవాళ్లకు అలాంటివి తేలిగ్గా రావచ్చు, ఓ పట్టాన తగ్గవు కూడా. సాయంత్రం డాక్టరుగారికి చూపించండి."

"సైనస్ అంటే ఏంటండీ?" ఎందుకమ్మ ఉండబట్టలేకపోయింది.

"ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే ఖాళీ గదులమ్మా."

"ఎముకల్లో గదులెందుకు?"

పెద్దమ్మ నవ్వబోయి, నొప్పికి బుగ్గలు పట్టుకుంది. అది చూసి ఎందుకమ్మ నోరు మూసుకుంది.

ఇన్ఫెక్షన్ తగ్గాక, మూడు వారాలకు డాక్టరుగారు సరేనన్నారు. ఇంజెక్షన్ మళ్లీ బల్లమీదికి వచ్చింది.

"జ్వరం ఉందా?"

"లేదు."

"మిషను ఆపి, నన్ను చూసి చెప్పు."

మూడో ప్రశ్న దగ్గర పెద్దమ్మ గట్టిగా గాలి పీల్చింది.

"జలుబూ లేదు, నొప్పీ లేదు. పాలు మాడుతున్నాయి, పరుగెత్తవే!"

ఎందుకమ్మ లేవబోయి ఆగింది. 'లేదు' పక్కన టిక్కు పెట్టి, అప్పుడు పరుగెత్తింది.