తిప్పి పంపిన పదకొండు మెయిళ్లు

ఆదివారం మధ్యాహ్నం యాకుత్‌పురాలోని ట్రావెల్స్ ఆఫీసు షట్టరు సగం ఎత్తి, వెస్లీ వంగి లోపలికి దూరాడు. ఆ ఆఫీసు మెయిల్ సర్వరు చూసుకునేది అతనే. చెల్లెలు మున్నీ జ్వరంతో పోయి నలభై రోజులు. పొద్దున జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన ఆమె పనిచేసిన దుకాణం యజమాని, చాంద్రాయణగుట్ట టైలరు ఓదెలు, చెవి దగ్గర చెప్పిన మాట అతన్ని ఇంట్లో కూర్చోనివ్వలేదు.

“దవాఖానకు పోయే ముందు మీ చెల్లె దుకాణం కంప్యూటర్ నుంచి నీకు రోజూ మెయిల్ పెట్టేది భాయ్. అన్నీ వాపస్ వచ్చినయ్. అన్న కోపం ఇంకా పోలే అనుకుంట ఏడ్చేది.”

నచ్చినవాణ్ణి పెళ్లాడిందని ఆమెతో తగువు పడి వెస్లీ ఫోన్ నంబరు మార్చేశాడు. ఆమెకు తెలిసింది ఆఫీసు మెయిల్ చిరునామా ఒక్కటే.

దొంగ మెయిళ్ల లొల్లి పడలేక కిందటేడు అతనే ఒక ఏర్పాటు చేశాడు. మెయిల్ వచ్చిన ప్రతిసారీ సర్వరు, ఇంటర్నెట్ చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్ ద్వారా, చెడ్డ సర్వర్ల పేర్లుండే ఒక బ్లాక్‌లిస్టును అడుగుతుంది: ఇది పంపుతున్న సర్వరు చెడ్డదా? అవునంటే, చదవకుండానే వెనక్కి. అనుమానం ఉన్నవాటిని పక్కన పెట్టి తర్వాత చూసుకోవచ్చు. అంత ఓపిక అతనికేది? పైగా తిప్పి పంపే జవాబు కూడా ముచ్చటపడి తనే తెలుగులో రాశాడు: ‘మీరు నమ్మదగిన చోటు నుంచి రాలేదు. లోపలికి రానివ్వం.’ ఓదెలుతో పాటు పదిమంది వాడే చవక సర్వరు నుంచే ఇంకెవడో చెత్త మెయిళ్లు పంపాడు; దాంతో ఆ సర్వరే చెడ్డ జాబితాకెక్కింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు.

వచ్చిపోయిన మెయిళ్ల చిట్టా, లాగ్, తెరిచాడు. మున్నీ పేరుతో పదకొండు వరుసలు. తేదీ, వేళ, తిరస్కరణ. ఉత్తరాలు మాత్రం లేవు... ఏం రాసిందో ఇక ఎప్పటికీ తెలియదు. వెస్లీ బల్లమీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.

తల ఎత్తేసరికి పన్నెండో వరుస ఉంది.

ఇవాళ్టి తేదీ. ఈ నిమిషం...

ఓదెలుకు ఫోన్ చేశాడు. “దుకాణంల ఎవరున్నరన్నా?”

“బంద్ ఉంది భాయ్. ఎవ్వరు లేరు. మున్నీ మెయిల్ ఖాతా గూడ ఎప్పుడో తీసేసిన. ఏమైంది?”

గదిలో కుట్టుమిషను నూనె వాసన... మున్నీ చేతుల వాసన. ఓదెలు వాడే సర్వరును మాత్రం ఆపొద్దని సెట్టింగు మార్చాడు. ఎదురు చూశాడు. ఏమీ రాలేదు. ఉండబట్టలేక మున్నీ చిరునామాకు తనే రాశాడు: ‘తప్పు నాదే చెల్లె. ఇప్పుడు తలుపు తీసిన. రా.’

పంపాడు.

క్షణంలో జవాబు వచ్చింది. ఆ ఖాతా లేదని రావాలి... అలా రాలేదు. తన సర్వరులో తప్ప ఎక్కడా లేని తన మాటలే వచ్చాయి. చివరి మాట ఒక్కటే తను రాసింది కాదు.

‘మీరు నమ్మదగిన చోటు నుంచి రాలేదు. లోపలికి రానివ్వం, అన్నా.’