చివరి గదిలో పిలుపు

ఆ వృద్ధాశ్రమంలో చివరి గది పేరెత్తితే పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకేలా వణికేవారట. మందుబిళ్ళ మింగనని మొరాయించే ముసలాయన్ని ఆయా "ఆ గదికి మార్పించేయనా?" అంటే చాలు, గుటుక్కున మింగేసేవాడు.

అందులో ఏదో ఉంది. రాత్రిపూట పిలుస్తుంది. మనకి బాగా కావలసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. పొరపాటున పలికామో... ఆ గదిలో మంచం మీదున్న మనిషిని తీసుకుపోతుంది. ఇదీ ఆ గదికున్న పేరు.

ఈ కథ చెప్పడంలో ఆ గది పక్కనే ఉండే లెక్కల మాస్టారి తర్వాతే ఎవరైనా. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేసేవారు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి గదుల్లోకి జారుకునేవారు.

అలాంటి గదికి డ్రైవర్ తాత భార్యని మార్చారు. పక్షవాతం వచ్చి మంచాన పడింది ఆవిడ. మాట కూడా పడిపోయింది. ఆక్సిజన్ సిలిండర్ పెట్టడానికి ఆ గదే వీలట. బతుకంతా బస్సు నడిపిన తాతకి భయమంటే తెలీదు గానీ, ఈ లోకంలో ఆయనకి ఇక మిగిలింది ఆవిడొక్కతే.

"ఒక్కసారి 'ఏవండీ' అని పిలిస్తే చాలు మాస్టారూ. ఇంకేం అడగను" అనేవాడు. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ "ఎన్నిసార్లు పిలుస్తావే, చెవులు చిల్లులు పడుతున్నాయ్" అని విసుక్కున్న మనిషే!

ఆ రాత్రి డాక్టరు "తెల్లారితే గండం గడిచినట్టే" అని చెప్పి వెళ్ళిపోయాడు. తాత కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా వేసుకున్నాడు. ఇరుకు గది... కుర్చీ వెనకే మంచం. వరండా వైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చేది ఏదైనా తనని దాటుకునే రావాలి.

వాన మొదలైంది. కరెంటు పోయింది. చీకట్లో సిలిండర్ ఒక్కటే సన్నగా బుసకొడుతోంది.

అప్పుడు...

"ఏ... వం... డీ..."

ఆవిడ గొంతే! కాస్త ముద్దగా, తడబడుతూ... కానీ ఆవిడకి మాటెక్కడిది? ఇక రాదని డాక్టరే తేల్చేశాడుగా. పైగా పిలుపు వెనకనుంచి వచ్చింది. అమ్మో — అప్పుడే లోపలికి వచ్చేసింది!

పలక్కూడదు. భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

"ఏవండీ..."

వెనక్కి తిరిగితే పలికేస్తాడు. ఆ సంగతి తనకే తెలుసు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. 'నీ ఆటలు నా దగ్గర కాదే! దాన్ని నీకిచ్చేది లేదు' అని లోలోపలే తిట్టాడు.

టక్... టక్... ఇనుము మీద ఏదో తట్టిన చప్పుడు.

మళ్ళీ పిలుపు. ఈసారి ఏడుస్తున్నట్టు. తాత బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి. అయినా పలకలేదు.

ఆ తర్వాత... ఏమీ లేదు. ఒట్టి వాన చప్పుడు.

పోయింది! గెలిచానన్నంత సంబరం తాతకి. తువ్వాలు తీసేసి చీకట్లో నవ్వుకున్నాడు కూడా, పిచ్చి మనిషి.

వరండాలో అడుగులు... టార్చి వెలుగు. లెక్కల మాస్టారు, రొప్పుకుంటూ.

"ఏవయ్యా, నిద్రపోయావా? గోడవతలున్న నాకే వినబడుతోంది. చెల్లెమ్మ అన్నిసార్లు పిలుస్తుంటే పలకవేం?"

"ష్... అది ఆవిడ కాదు మాస్టారూ" గుసగుసగా అన్నాడు తాత. "పలక్కూడదని మీరే చెప్పారుగా..."

మాస్టారు టార్చి లోపలికి తిప్పబోయి ఆగారు.

"అదా... అది... టీవీ ముందు మంచి కుర్చీ ఖాళీ అవుతుందని... ఊరికే అల్లానయ్యా... అంతా నేనే అల్లాను..."

వెలుగు మంచం మీద పడింది. ఆవిడ తల ఇటే తిరిగి ఉంది. మంచం కడ్డీల్లోంచి చెయ్యొకటి బయటికి చాచి ఉంది, తాత వీపు వైపు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు.

తాత ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆఁ... ఏంటే?" అన్నాడు. "చెప్పు. ఇక్కడే ఉన్నా."

తెల్లారి ఆయా వచ్చి విడదీసేదాకా అలా అడుగుతూనే ఉన్నాడట.