నమిలే గదిలో కొత్త ఆంప్లిఫయర్

ఆ ఇంటి వెనక గదిని వీధిలో అందరూ నమిలే గది అనేవారు.

పేరు పెట్టింది పిల్లలు. వాడింది మాత్రం పెద్దలే. చెత్త తీసుకెళ్లేవాడు ఆ కిటికీ కింద నిలబడేవాడు కాదు. ఇల్లు తుడిచే ఆవిడ పట్టపగలు కూడా గుమ్మం దాటకుండా చీపురు చాపి, చెయ్యి అందినంత మేర ఊడ్చి వచ్చేసేది. అడిగితే ఒక్కటే మాట: "దాని నోట్లో నేనెందుకు పడాలమ్మా?"

ఆ గదిలో రాత్రిపూట ఏదో నములుతుంది. ఎముకలు నములుతుంది. చప్పరిస్తుంది... వేళ్లు నాకుతుంది... మళ్లీ నములుతుంది. చూసినవాళ్లు ఎవరూ లేరు. విన్నది ఒక్కరే.

ఆ ఒక్క మనిషినీ పిచ్చాసుపత్రిలో చేర్చారు.

ఈ సంగతి నాకు చెప్పింది పళ్ల డాక్టరు. ఆయనది ఆ పక్కిల్లే. దెయ్యాలంటే పకపకా నవ్వే మనిషి. ఇది చెబుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు. మధ్యలో లేచి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చాడు.

ఆ ఇల్లు అక్కచెల్లెళ్లిద్దరిదీ. అక్క పెళ్లి చేసుకోలేదు. వెనక గదిలో ఉంటూ బట్టలు కుట్టేది. చెల్లెలు స్కూల్లో లెక్కల టీచరు. చెల్లెలి భర్త ఒక క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తాడు. వచ్చినవాళ్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని కూతలు వినిపించి, వినపడగానే మీట నొక్కమంటాడు. డాక్టరేమీ కాదు. అయినా వీధంతా చెవుల డాక్టరనే పిలిచేది, ఆయనా కాదనేవాడు కాదు.

అక్క మంచం తల వైపు ఒక పలచటి చెక్కగోడ. దాని అవతల సామాన్ల గది. డబ్బాలు, పాత బకెట్లు, విరిగిన కుర్చీ. మంచం మీద వాలి తల ఆ గోడకు ఆనిస్తే నమలడం వినపడేదని ఆవిడ చెప్పేది. లేచి కూర్చుంటే వినపడదు. ఆవిడ కేక పెట్టేది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చేది మరిదే. ఆయన వచ్చేసరికి చప్పుడు ఆగిపోయేది.

"నువ్వొస్తే చాలు, ఆగిపోతోందయ్యా!" అని ఏడ్చేది.

"నేనంటే దానికి భయమేమో వదినా" అనేవాడు.

ఒకరోజు ఆవిణ్ణి తన క్లినిక్‌కే తీసుకెళ్లి పరీక్ష చేశాడు. ఇంటికొచ్చి భార్యతో, "మీ అక్క చెవులు బంగారం. తేడా చెవుల్లో లేదు" అన్నాడు, నుదుటి మీద వేలు పెట్టి చూపిస్తూ. "పక్కింట్లో చీమ తుమ్మితే వినపడే చెవులు నావి. నాకు వినపడనిది ఆవిడకెలా వినపడుతుంది?"

చెవులే వృత్తిగా బతికే మనిషి ఆ మాటంటే ఎవరు ఎదురు చెబుతారు? అక్కను ఆసుపత్రికి పంపారు. మంచం పెరట్లోకి పోయింది. కుట్టు మిషన్ మీద పాత దుప్పటి కప్పారు.

ఆ ఖాళీలోకి ఆంప్లిఫయర్ వచ్చింది.

దాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. ఒకడు దించి నడుం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. పాటను పెద్దది చేసి వినిపించే నల్లటి లోహపు పెట్టె; దాని వెంట ఒక రికార్డు ప్లేయరూ, రెండు స్పీకర్లూ. ముందు వైపు రెండు నీలి అద్దాలు, వాటి వెనక రెండు సన్నని సూదులు. శబ్దం ఎంతుంటే సూది అంత లేస్తుంది. చెవుల డాక్టరు దాన్ని ఒట్టిచేత్తో ముట్టుకునేవాడు కాదు. కళ్లద్దాలు తుడిచే గుడ్డ వేసి ముట్టుకునేవాడు. వందల గంటలు వేడెక్కితే గానీ గొంతు విప్పదట! రాత్రింబవళ్లు ఆపేవాడు కాదు. చెయ్యి వేస్తే జ్వరమొచ్చిన ఒళ్లులా ఉండేదన్నాడు పళ్ల డాక్టరు.

ఆ మొదటి రోజుల్లో చెవుల డాక్టరు కనపడితే జనం సందు మారేవారు. పట్టుకుంటే వదలడు.

"పాట ఎవరైనా వినిపిస్తారు డాక్టరుగారూ. పాటకి ముందు గాయని పెదాలు తడుపుకుంటుంది చూశారా... అది వినపడుతోంది! గొంతులో తడి... నాలుక అంగిట్లోంచి ఊడిరావడం..."

"బాబ్బాబు, ఆపండి. పొద్దస్తమానం నోళ్లలోకి చూసి వస్తున్నా. ఇంటికొచ్చాక కూడా అవేనా?"

"మీకు రుచి లేదండీ."

"ఉండబట్టే వద్దంటున్నా."

నడిస్తే నేల అదురుతుందనీ, ఆ అదురు రికార్డు ప్లేయర్ ముల్లుకు తగులుతుందనీ, ప్లేయర్‌ని నేల మీద ఉంచలేదు. చెక్కగోడకే ఒక బల్ల బిగించి దాని మీద పెట్టాడు. బోల్టులు గోడ దాటి అవతలికి వెళ్లాయి. వృథా ఎందుకని అవే బోల్టులకు సామాన్ల గది వైపు కూడా ఒక పలక బిగించాడు. ఆ తెలివికి తానే మురిసిపోయి పళ్ల డాక్టరుకు చూపించాడు కూడా.

ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. సోమవారంలోగా తేల్చి చెప్పాలి. అక్కను ఇంటికి తెచ్చుకుంటారా, లేక ఊరి బయట జీవితాంతం ఉంచుకునే ఆశ్రమానికి పంపించమంటారా? చెప్పాల్సింది చెల్లెలు. ఆవిడ నిద్రపోవడం మానేసింది. క్లాసులో కూడికలు తప్పుతోందని పిల్లలు ఇళ్లలో చెప్పుకున్నారు.

శనివారం రాత్రి చెవుల డాక్టరు పక్కింటి మొగుడూపెళ్లాల్ని భోజనానికి పిలిచాడు. పిలుస్తూనే పళ్ల డాక్టరును పక్కకు లాగాడు.

"మీరు నాకో సాయం చెయ్యాలి. ఆ గదిలో కాసేపు కూర్చుని, ఏమీ లేదని మా ఆవిడతో చెప్పండి. బయటివాళ్లు చెబితే నమ్ముతుంది. సోమవారం సంతకం పెట్టేస్తుంది. పాపం, వదినకీ అక్కడే హాయి."

భోజనంలో కోడికూర. చెవుల డాక్టరు ముందు మాత్రం ఉడికించిన కూరగాయ ముక్కలు. ఆయనకు షుగరు, గుండెలో ఏదో అడ్డం. నాలుకను జయించానని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ ముక్కల్నే నెమ్మదిగా నములుతూ తిండి మీద అదుపు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. నమిలినప్పుడల్లా కుడి దవడ కీలు టిక్కుమంటోంది.

"ఆ దవడ సంగతి చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు పళ్ల డాక్టరు.

"మీ చేతికి నోరప్పగిస్తే తిరిగిస్తారా?"

పళ్ల డాక్టరు భార్య చాలు చాలంటూ సగం కొరికిన ముక్క ప్లేట్లోనే వదిలేసింది. భోజనాలవగానే చెవుల డాక్టరే లేచి ఎంగిలి ప్లేట్లన్నీ తీశాడు.

"చూసి నేర్చుకోండి" అంది ఆవిడ మొగుడితో. "మీరు మంచినీళ్ల గ్లాసు కూడా కదపరు."

తర్వాత ముగ్గుర్నీ వెనక గదిలో కూర్చోబెట్టాడు. ఒక రికార్డు పెట్టాడు. బాగానే ఉంది, అందులో అబద్ధం లేదన్నాడు పళ్ల డాక్టరు. కళ్లు మూసుకుంటే మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టే ఉందట. పాట మధ్యలో చెవుల డాక్టరే ప్లేయర్ మోటారు ఆపేశాడు. రికార్డు తిరగడం నిలిచిపోయింది.

"మిగతాది తర్వాత. ఇప్పుడు అసలు వినాల్సింది నిశ్శబ్దం. చవక సరుకైతే వాల్యూమ్ పెంచగానే బుస్సుమంటుంది. ఇది చూడండి." మీటను కుడివైపు బాగా తిప్పాడు. ఏమీ లేదు. "ఈ గదిలో చీమ కదిలినా మీకు తెలుస్తుంది. నేనూ బయటికి పోతాను, నా ఊపిరి కూడా అడ్డం రాకూడదు. పది నిమిషాలు కూర్చోండి."

లైటు ఆర్పాడు. తలుపు మూశాడు.

చీకటి.

రెండు నీలి అద్దాలు తప్ప ఏమీ కనపడటం లేదు. అద్దాల వెనక రెండు సూదులు... పడుకుని ఉన్నాయి.

టీచరు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కూర్చున్న చోటే ఒకప్పుడు అక్క మంచం ఉండేది.

ఎంతసేపు గడిచిందో...

సూదులు వణికాయి.

రెండూ ఒక్కసారే. తర్వాత స్పీకర్లలోంచి — దబ్. ఆగి — దబ్. అడుగులు. ఏదో ఈడ్చినట్టు ఒక గీరుడు. పెద్ద బరువు ఒకటి కిందికి దిగి చతికిలబడింది.

"ఏమండీ..." పళ్ల డాక్టరు భార్య మొగుడి చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

అప్పుడు మొదలైంది.

నమలడం.

స్పీకర్లు చాలా మంచివి. శబ్దం అటునుంచో ఇటునుంచో రావడం లేదు. సరిగ్గా మధ్యలో, ముఖానికి మూరెడు దూరంలో, గాలిలో ఒక నోరు వేలాడుతోంది. తడి నోరు. పళ్లు మాంసాన్ని ఎముక మీంచి లాగుతున్నాయి. నరం సాగి... సాగి... తెగింది. పెదాలు జుర్రుమన్నాయి. ఎముక కొస పటుక్కుమంది, లోపలి గుజ్జును నాలుక పీల్చింది. గుటక. ముక్కులోంచి బుసలు. మళ్లీ పళ్లు. ఒక్కో వేలూ నోట్లోకి వెళ్లి చప్పరించబడి "చప్"మని బయటికొస్తోంది. నీలి సూదులు ప్రతి కొరుకుకీ ఎగిరి పడుతున్నాయి.

"వెళ్లిపోదామండీ... నాకు భయంగా ఉంది..."

పళ్ల డాక్టరు నోళ్లలో చేతులు పెట్టి బతికినవాడు, అయినా ఆ చప్పుడుకు తన నోట్లో నీళ్లు చేదెక్కాయన్నాడు. నిజంగా ఉందన్నమాట... ఆవిడ చెప్పింది నిజమే...

అప్పుడు, నమలడం మధ్యలో —

టిక్.

మళ్లీ నమిలింది. టిక్.

చీకట్లో టీచరు గొంతు వినపడింది. భయం లేదు. పిల్లాడు బోర్డు మీద తప్పు చేస్తే అడిగే గొంతు.

"డాక్టరుగారూ. అది కుడి దవడేనా?"

పళ్ల డాక్టరు ఇంకో టిక్కు దాకా చెవి పెట్టి విన్నాడు.

"కుడిదేనండీ."

తిరగని రికార్డు మీద ముల్లు ఆనే ఉంది. ముల్లు కింద బల్ల, బల్లకు బోల్టులు, బోల్టుల అవతల పలక. దాని కింద, చెక్కగోడకు తల ఆనించి, సామాన్ల గది నేల మీద కూర్చుని ఉన్నాడు చెవుల డాక్టరు. ఆయన పళ్లు కదిలితే గోడ కదులుతోంది. గోడ కదిలితే ముల్లు వింటోంది. ముల్లు విన్నదాన్ని ఆంప్లిఫయర్ ఒక్క చుక్క కూడా ఒలకబోయకుండా వినిపిస్తోంది.

"అవి..." అంది పళ్ల డాక్టరు భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "అవి మన ఎంగిలి ప్లేట్లు కదండీ..."

లేచి ఆపుదామని పళ్ల డాక్టరు కదిలాడు. టీచరు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి. అక్క ఎన్నేళ్లు విందో, నేను ఈ ఒక్క పూటైనా వింటాను."

చివరిదాకా వింది. ప్లేటు నాకడం వింది. ఆఖర్న ఒక త్రేన్పు వచ్చింది. సూదులు రెండూ ఎర్రగీత దాటాయి.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. లైటు వెలిగింది. చెవుల డాక్టరు చేతి రుమాలుతో మూతి తుడుచుకుంటూ నిలబడ్డాడు. మీసం చివర ఒక నూనె చుక్క మెరుస్తోంది.

"ఏం? చీమ చిటుక్కుమన్నా వినపడిందా?"

టీచరు ఆయన మూతినే చూస్తూ ఉండిపోయింది. ఆయన ఆ చూపు పట్టుకుని రుమాలు చూసుకున్నాడు. తర్వాత పక్కింటివాళ్ల ముఖాలు. తర్వాత ప్లేయర్. తిరగని రికార్డు మీద దిగి ఉన్న ముల్లు. ముఖంలో రంగు పోయింది... అది కొద్దిసేపే.

"అబ్బ!" అన్నాడు, కళ్లు పెద్దవి చేసి. "గోడ అవతలిది కూడా పట్టేసిందా! చూశారా మరి, ఈ మిషన్ సత్తా?"

పళ్ల డాక్టరు అంతవరకూ ఓర్చుకున్నాడు. ఆ మాటకు మాత్రం పెరట్లోకి పరిగెత్తి, అక్క మంచం పక్కనే తిన్నదంతా కక్కేశాడు. వెనక గదిలోంచి టీచరు గొంతు వినపడింది. గట్టిగా ఏమీ అరవలేదు.

"నోరు కడుక్కోండి. సోమవారం దాకా ఎందుకు? పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్తున్నాం. ఏం తిన్నారో, ఎక్కడ కూర్చుని తిన్నారో డాక్టర్ల ముందు మీరే చెప్పాలి."

చెప్పాడట. తల వంచుకుని, గొణుక్కుంటూ. అక్క పూర్తిగా విని, "ఇంకొంచెం గట్టిగా చెప్పయ్యా, నా చెవులు బంగారమని నువ్వే అన్నావు కదా" అందట.

ఆవిడ ఇంటికొచ్చింది. మంచం గదిలోకి వచ్చింది. కుట్టు మిషన్ మీది దుప్పటి తీశారు. ఆంప్లిఫయర్ ముందుగదిలోకి మార్చుకుంటానని మరిది బతిమాలాడు. అక్క ఒప్పుకోలేదు.

"ఉండనీ. గోడ అవతలిది వినడం నాకు అలవాటైపోయింది."

పళ్ల డాక్టరు ఇంట్లోంచి ఆ కిటికీ కనపడుతుంది. రాత్రి లైటు ఆరిపోయాక కూడా రెండు నీలి దీపాలు వెలుగుతూనే ఉంటాయట. రికార్డు తిరగదు. ముల్లు మాత్రం దించే ఉంటుంది. ఆవిడ హాయిగా నిద్రపోతుంది.

నడవాలో మరిది చెప్పులు విడిచి, గోడ తగలకుండా పక్కకి ఒదిగి, ఆ తలుపు దాటతాడు. వంటింట్లో మంచినీళ్లు నోట్లో పోసుకుంటాడు. మింగడానికి ముందు, గుటక వేయకుండా అలాగే నిలబడి... వెనక గదివైపు చూస్తాడు.